ప్యాకేజీ 9 లక్షలు సరే, అందులో మీది ఎంత?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో పెళ్లి సంగీత్‌లకు, స్టేజీ షోలకు డ్రమ్స్ వాయిస్తాను. ఏడాదికి 5 లక్షల దాకా వస్తుంది. ఈమధ్యే ఒక వెబ్ సిరీస్‌కు నేపథ్య సంగీతం చేసే అవకాశం దొరికింది. ప్యాకేజీ 9 లక్షలు. 3 లక్షలు అడ్వాన్సు ఇచ్చారు, ఒప్పందంపై ఇంకా సంతకం కాలేదు. నా భార్య ప్రైవేటు స్కూలు టీచరు, జీతం 28 వేలు. ఒక పాప. ఇంటి ఖర్చు నెలకు 45 వేలు. 7 లక్షలు అప్పు చేసి ఇంట్లోనే స్టూడియో పెట్టుకుని షోలు మానేద్దామనుకుంటున్నాను. తమన్ కూడా డ్రమ్మర్‌గానే మొదలయ్యారు కదా?

జవాబు: మొదలయ్యారు. కానీ సంగీత దర్శకుడిగా పేరు రాకముందు మణిశర్మ వంటివారి దగ్గర ఏళ్ల తరబడి పనిచేశారు కూడా. షోలు అప్పుడే మానకండి.

మీ లేఖలో ఈ పనికయ్యే ఖర్చుల ఊసే లేదు. ప్యాకేజీ అంటే వాద్యకారులు, స్టూడియో అద్దె, మిక్సింగ్ అన్నీ మీ నెత్తినే. కంప్యూటర్‌లో వాద్యాల ట్రాకులు సిద్ధం చేసే ప్రోగ్రామర్‌కు లక్షన్నర, వయొలిన్ బృందానికీ స్టూడియోకూ కలిపి లక్షన్నర, మిక్సింగ్‌కు లక్ష వేసుకుంటే మీకు మిగిలేది 5 లక్షలు. ఎడిటింగ్ మారింది, రెండో ఎపిసోడ్ మళ్లీ చేయండి అంటే అందులోనూ కోత పడుతుంది. అందుకే ఎన్నిసార్ల వరకు ఉచితంగా మారుస్తారో, ఆపైన ఎంత తీసుకుంటారో ఒప్పందంలో రాయించండి. చివరి విడత ప్రసారం తర్వాత ఇస్తామంటే ఒప్పుకోకండి. ప్రసారం ఎప్పుడన్నది మీ చేతిలో ఉండదు. ఫైళ్లు అప్పగించిన రోజే డబ్బు అందాలి. అడ్వాన్సును వేరే ఖాతాలో ఉంచండి, ఇంటి ఖర్చుకు ముట్టుకోవద్దు.

ఇక అప్పు. 13 శాతం వడ్డీకి మూడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 23,600 కట్టాలి. ఆషాఢంలోనో మూఢంలోనో పెళ్లిళ్లు ఉండవు, మీకు సంగీత్‌లూ ఉండవు. అలాంటి నెలలో మీ భార్య జీతం పోను ఇంటికే 17 వేలు తక్కువ. వాయిదా కలిపితే 40 వేలు దాటుతుంది. ఈ సిరీస్‌కు స్టూడియో అద్దెకు తీసుకోండి. మిగిలిన 5 లక్షల్లోంచి ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 2.7 లక్షలు, ఎప్పుడంటే అప్పుడు డబ్బు తీసుకోగలిగే లిక్విడ్ మ్యూచువల్ ఫండ్‌లోనో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో వేయండి. మైకులూ స్పీకర్లూ ఆ తర్వాతే, అవీ ఒక్కొక్కటిగా.

ఫీజులోంచి నిర్మాత సాధారణంగా 10 శాతం టీడీఎస్, అంటే మీ పేర ముందుగానే కట్టే ఆదాయపు పన్ను, కోస్తారు. 9 లక్షల మీద 90 వేలు. అది పోయిన డబ్బు కాదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేదు, షోలవీ సిరీస్‌లో మిగిలేదీ కలిపి మీ నికర ఆదాయం దాదాపు 10 లక్షలే. రిటర్ను వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది. రేపు ఇంటి రుణం కావాలన్నా బ్యాంకు మొదట అడిగేది ఆ రిటర్నులే. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటేలా ఉంటే మాత్రం జీఎస్టీ గురించి ఆడిటర్‌ను ముందే అడగండి.

ఒప్పందంలో 'సమస్త హక్కులూ నిర్మాతవే' అన్న వాక్యం తప్పక ఉంటుంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, సినిమా హాల్లో ప్రదర్శన కాకుండా మిగతా వినియోగాలపై స్వరకర్తకు రావలసిన రాయల్టీ వాటాను వదులుకుంటున్నట్టు రాసిచ్చినా అది చెల్లదు. వారసులకో, రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో మాత్రమే ఇవ్వగలరు. స్వరకర్తలకూ గీత రచయితలకూ ఉన్న అలాంటి సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. ఏ ఎపిసోడ్‌లో ఏ బాణీ ఎన్ని నిమిషాలు వినిపించిందో చెప్పే క్యూ షీట్‌ను పని నడుస్తుండగానే రాసిపెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత కూర్చుంటే ఎవరికీ గుర్తుండదు. అయితే రాయల్టీ వస్తుందని ఇంటి బడ్జెట్‌లో రూపాయి కూడా వేసుకోకండి.

మణికట్టుకు దెబ్బ తగిలితే షోలూ ఆగుతాయి, రికార్డింగూ ఆగుతుంది. ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీతో పాటు, తాత్కాలికంగా పనిచేయలేని వారాలకు పరిహారమిచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. దరఖాస్తులో వృత్తి దగ్గర డ్రమ్మర్ అనే రాయండి. 'స్వయం ఉపాధి' అని వదిలేస్తే క్లెయిము రోజున పేచీ పెట్టే వీలుంటుంది.