అమ్మాయి ల్యాప్‌టాప్ కోసం ఇంటి నిల్వ సొమ్మును కదిలించకండి

ప్రశ్న: నేను హనుమకొండలో ఎలక్ట్రీషియన్‌ను. సగటున నెలకు 24,000 వస్తుంది, నా భార్య కుట్టుపని మీద మరో 4,000 సంపాదిస్తుంది. ఇంటి ఖర్చు 21,000. బ్యాంకులో 48,000 ఉన్నాయి. గురుకులంలో చదువుకున్న మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్ఈలో చేరింది. ఇంతవరకు కంప్యూటర్ వాడి ఎరుగదు. సీనియర్లు చెప్పారని 82,000 గేమింగ్ ల్యాప్‌టాప్ అడుగుతోంది. షాపులో ముందు 22,000 కట్టి, మిగతాది నెలకు 5,600 చొప్పున 12 నెలలు కట్టమన్నారు. దసరా వరకే ఆఫర్ అట. నిల్వ సొమ్ము తీయకుండా ఆ 22,000 లోన్ యాప్‌లో అప్పుగా తీసుకోవచ్చని మిత్రుడొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ల్యాప్‌టాప్ ధర కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ 48,000 గురించి మీరు ఎంత తేలిగ్గా రాశారన్నది. మీ ఇంటి ఖర్చు ప్రకారం మూడు నెలల అత్యవసర నిధి అంటే 63,000 ఉండాలి, అంటే ఇప్పటికే మీకు 15,000 తక్కువగా ఉంది. నెలకు మిగిలే 7,000లో 5,600 వాయిదాకు పోతే చేతిలో ఉండేది 1,400. మీది రోజు పని మీద ఆధారపడిన ఆదాయం. పది రోజులు జ్వరంతో మంచం పట్టినా, వానలకు పనులు ఆగినా ఆ నెల వాయిదా తప్పుతుంది. తప్పిన ప్రతిసారీ రుణ సంస్థ ఒక జరిమానా, ఖాతాలో డబ్బు లేనందుకు బ్యాంకు మరో జరిమానా వేస్తాయి. రేపు మూడో ఏడాదిలో అమ్మాయికి విద్యారుణం కావలసి వస్తే సహ రుణగ్రహీతగా సంతకం చేయవలసింది మీరే కనుక, అక్కడ బ్యాంకు చూసేది అప్పులు వేళకు కట్టారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చే మీ సిబిల్ స్కోరే. ఆరోగ్యశ్రీ ఉంది కదా అని మీరు అనుకోవచ్చు. అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం. బయట చేయించే రక్త పరీక్షలు, పని మానుకున్న రోజుల సంపాదన అందులోకి రావు. వాటి కోసమే ఆ 48,000.

ఇక షాపువాళ్లు చెప్పిన లెక్క. 60,000 అప్పుకు 12 నెలల్లో 67,200 కడతారు, వడ్డీ 7,200, అంటే రూపాయి వడ్డీయే కదా అని మీకు నచ్చజెప్పి ఉంటారు. ఆరు వాయిదాలు కట్టేసరికి అసలు దాదాపు సగం తీరిపోయినా, వాళ్లు వడ్డీ వేసింది మాత్రం ఏడాది పొడవునా మొత్తం 60,000 మీద. తరుగుతున్న అసలు మీద లెక్క కడితే అది ఏడాదికి 21.5 శాతం దాకా, అంటే నూటికి నెలకు రూపాయి ఎనభై పైసల దాకా తేలుతుంది. ఇందులో ప్రాసెసింగ్ ఫీజు కలపలేదు. నిరుడు ఒక తండ్రి ఇలాంటి అప్పు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు, ఆయన ఎన్నడూ అడగని ఎక్స్‌టెండెడ్ వారంటీ, యాంటీవైరస్, రుణానికి బీమా అందులో కలిసి ఉన్నాయి. సంతకం మాత్రం ఆయనదే. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి రుణాలన్నింటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాల పత్రం, ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం) అని ఉండే గడి చూడకుండా ఎవరూ ఏ అప్పు మీదా సంతకం పెట్టకూడదు. నెలకు ఎంత కట్టాలన్నది ఒక్కటే అడిగి, మొత్తం ఎంతవుతుందో అడగకపోవడం నాకు వచ్చే ఉత్తరాల్లో సగంలో కనిపించే పొరపాటు.

యాప్ అప్పు సంగతి చర్చకే పెట్టను. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. ఒక అప్పుకు ముందు కట్టవలసిన సొమ్ము కోసం మరో అప్పు చేయమని చెప్పేవారు మిత్రులే అయినా, ఈ విషయంలో వారి మాట వినకండి. బంగారం తాకట్టు వడ్డీ తక్కువే, కానీ ల్యాప్‌టాప్ కోసం వద్దు. చీటీ ముందే పాడుకోవడం కూడా అప్పే.

అమ్మాయికి దసరాకే ల్యాప్‌టాప్ అవసరమా అన్నది అసలు ప్రశ్న. మొదటి సెమిస్టర్‌లో గణితం, భౌతిక లేదా రసాయన శాస్త్రం, వాటితోపాటు సీ ప్రోగ్రామింగ్ వంటివి ఉంటాయి. ప్రోగ్రాములు కాలేజీ ల్యాబ్‌లో చేయవచ్చు, పరీక్షలో రాయవలసింది కాగితం మీదే. ఇంతవరకు కీబోర్డు ముట్టని పిల్లకు మొదట కావలసింది టైపింగ్, ఫైళ్లను ఫోల్డర్లలో సర్దుకోవడం; ల్యాబ్ ఖాళీగా ఉన్న వేళల్లో రోజూ అరగంట అక్కడ కూర్చుంటే అవి వస్తాయి. గేమింగ్ యంత్రానికి ఉండే గ్రాఫిక్స్ కార్డు ఆమె చదువుకు ఇప్పట్లో అక్కరకు రాదు. పైగా ఆ బరువును బస్సులో రోజూ మోయాలి.

ఈ నెల నుంచే మిగిలే 7,000 పక్కన పెడితే నాలుగు నెలలకు, అంటే సంక్రాంతి నాటికి, 28,000 అవుతాయి. ఆ డబ్బుకు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోట రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) ఆఫీసు ల్యాప్‌టాప్ వెతకవచ్చు. మరో నెలో రెండు నెలలో ఆగగలిగితే కొత్తదే చూడవచ్చు. పాతది కొనేటప్పుడు ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరానికి ముందుదాన్ని ఎంత చవకకు ఇచ్చినా తీసుకోకండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఎనిమిదో తరానికన్నా పాత ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. పాతదైనా కొత్తదైనా 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే చోటు) ఉంటే చాలు. ఎస్ఎస్‌డీకి బదులు 64 జీబీ ఈఎంఎంసీ అనే చిన్న స్టోరేజీ ఉన్న చవక రకాలు ఏడాది తిరగకముందే నిండిపోతాయి. ఒరిజినల్ విండోస్ ఉందా అని అడగండి, లేకపోతే ఆ ఖర్చు కూడా మీ మీదే పడుతుంది. షాపులో అమ్మాయినే కూర్చోబెట్టి ఒక పేజీ టైప్ చేయించండి, చార్జర్ తీసేసి అరగంట నడిపించండి, వారంటీ ఎన్నాళ్లో బిల్లు మీద రాయించుకోండి.

ల్యాప్‌టాప్ వచ్చాక కూడా నెలకు 7,000 పొదుపు ఆపకండి; 15,000 లోటు మూడు నెలల్లో పూడుతుంది. ఆ 48,000 ఇప్పుడు మీ ఫోన్‌పేకు జతచేసిన ఖాతాలోనే ఉంటే, ఈ వారంలోనే ఏ యాప్‌కూ జతచేయని మరో ఖాతాకు మార్చి, ఆ పాస్‌బుక్ మీ భార్య చేతికి ఇవ్వండి.