టెక్ సందేహాలు: పాత వీసీఆర్‌కు బదులు ఏది?

ప్రశ్న: మా ఇంట్లో 1993లో కొన్న వీసీఆర్ ఉంది. క్యాసెట్ వేస్తే ఇప్పటికీ బొమ్మ చక్కగా వస్తుంది. టీవీ కార్యక్రమం రికార్డు చేద్దామంటే మాత్రం ఏ చానల్ పెట్టినా నీలి తెరే కనిపిస్తోంది. చానళ్లను పట్టే ట్యూనర్ పోయిందని మెకానిక్ అంటున్నాడు. బాగు చేయించమంటారా, బదులుగా కొత్తది కొనమంటారా? అల్మరాలో నలభై దాకా క్యాసెట్లు కూడా ఉన్నాయి.
(విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మాస్టారూ, ట్యూనర్ మరమ్మతుకు దయచేసి ఒక్క రూపాయి కూడా పెట్టకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది పాడైనట్టు లేదు. దానికి అర్థమయ్యే సిగ్నల్ మీ ఇంటికి రావడం ఆగిపోయింది. ఒకప్పుడు కేబుల్ తీగలో చానళ్లన్నీ విడివిడి ఫ్రీక్వెన్సీల మీద అనలాగ్ రూపంలో వచ్చేవి కాబట్టి, ఆ తీగను ముందు వీసీఆర్‌కు, అక్కడి నుంచి టీవీకి కలుపుకుంటే, టీవీలో ఒక చానల్ చూస్తూనే వీసీఆర్‌లో మరో చానల్ రికార్డు చేసుకోగలిగేవాళ్లం. కేబుల్ ప్రసారాలు డిజిటల్‌గానే ఉండాలంటూ కేబుల్ టీవీ చట్టానికి 2011లో చేసిన సవరణతో ఆ సౌకర్యం దశలవారీగా పోయింది. 2012లో మహానగరాలతో మొదలైన మార్పు, 2013లో హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాలకు, మూడో దశలో 2015 డిసెంబరు 31 గడువుతో మన గుంటూరు, విజయవాడల వంటి ఊళ్లకు, చివరికి 2017 మార్చి 31 గడువుతో పల్లెలకు వర్తించింది. కొండపల్లి టీవీ టవర్ వైపు యాంటెన్నా తిప్పి దూరదర్శన్ పట్టుకునే రోజులూ పోయాయి. దేశంలోని అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను కొద్ది చోట్ల మినహా మూసివేశారు. ఇప్పుడు తీగలో వచ్చేది డిజిటల్ సిగ్నల్, అందులోనూ తాళం వేసినది. ఆ తాళం సెట్ టాప్ బాక్స్‌కే తెరుచుకుంటుంది.

రికార్డింగ్ తప్పనిసరిగా కావాలంటే ఒక దారి ఉంది. సెట్ టాప్ బాక్స్ వెనక ఉండే పసుపు, తెలుపు, ఎరుపు ఏవీ అవుట్ రంధ్రాల నుంచి వీసీఆర్ ఏవీ ఇన్‌కు తీగలు కలిపి, వీసీఆర్‌లో చానల్ నంబరుకు బదులు ఏవీ ఎంచుకోండి. అయితే బాక్స్‌లో ఏ చానల్ నడుస్తుంటే అదే టేపులోకి ఎక్కుతుంది. వీసీఆర్‌కు టైమర్ పెట్టి ఊరెళితే, బాక్స్ కూడా ఆ వేళకు ఆన్‌లో ఉండి, అదే చానల్ మీద ఉండాలి. రోజూ చేసుకోదగిన పని కాదు.

ఇక కొత్త వీసీఆర్ కొనడమన్న మాటే లేదు. చివరి వరకూ వాటిని తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. ఆ స్థానంలో ఇప్పుడున్నది రికార్డింగ్ వసతి గల సెట్ టాప్ బాక్స్. కొన్నింటిలో హార్డ్ డిస్క్ ఉంటుంది, కొన్నింటికి పెన్‌డ్రైవ్ పెట్టుకోవాలి. కొనే ముందు ఒక విషయం గట్టిగా అడగండి: పే చానళ్ల రికార్డింగులు సాధారణంగా ఆ బాక్స్‌కే కట్టుబడి ఉంటాయి. అదే పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెడితే తెరుచుకోవు, బాక్స్ మార్చిన రోజున అవన్నీ పోయినట్టే. డీడీ ఫ్రీ డిష్ పట్టుకునే, ఎంపెగ్-4 అనే వీడియో పద్ధతి గల బాక్సులు చాలావాటిలో ఉచిత చానళ్లను మామూలు ఫైళ్లుగా రికార్డు చేసుకోవచ్చు. సీరియళ్లు, వార్తలు ఎలాగూ ఫోన్‌లో దొరుకుతున్నాయి కనుక, మీరు రికార్డర్ మీద పెట్టదలచిన డబ్బును ఆ నలభై క్యాసెట్లను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవడం మీద పెట్టమంటాను.

ఎందుకంటే, రికార్డు చేసే యంత్రంగా మీ వీసీఆర్ పని ముగిసినా, క్యాసెట్లను చదివే యంత్రంగా ఇప్పుడే దాని విలువ పెరిగింది. వాటిలోని పెళ్లిళ్లు, అన్నప్రాసనలు, 1992 కృష్ణా పుష్కరాల వంటివి మరెక్కడా దొరకవు. ముందుగా ప్రతి క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చూడండి. టేపు చుట్ట నల్లగా, నున్నగా ఉండాలి. దాని అంచున బియ్యప్పిండి రాలినట్టు తెల్లటి పొర కనిపిస్తే అది బూజు. మన కృష్ణా తీరపు తేమకు తొందరగా పడుతుంది. మా అక్క పెళ్లి క్యాసెట్‌ను నేను ఇలా చూడకుండానే వేశాను. పది నిమిషాల్లో బొమ్మ చెదిరి తెరంతా చుక్కలయింది, ఆ తరువాత వేసిన మంచి క్యాసెట్ కూడా అలాగే వచ్చింది, ఎందుకంటే బూజు టేపును చదివే హెడ్‌లకు అంటుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ హెడ్‌లుండే డ్రమ్ శుభ్రం చేయించాకే మళ్లీ బొమ్మ కనిపించింది. బూజు పట్టినవాటిని వేరే సంచిలో కట్టి, శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వండి. మంచివాటిలోనూ ముందు పోయినా ఫరవాలేదనుకునే ఒక క్యాసెట్ వేసి, యంత్రం టేపును నమలడం లేదని నిర్ధారించుకున్నాకే మిగతావి వేయండి. వేసిన ప్రతిదాన్నీ ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు ప్లే చేయండి. ఏళ్ల తరబడి అతుక్కున్న పొరలు వదులవుతాయి.

కాపీకి కావలసింది యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ పరికరం, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. మన దేశపు పాత టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతి, 720×576, సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకోండి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది. తొందరపెట్టే మార్గం లేదు. సెకనుకు 6 మెగాబిట్ల చొప్పున గంటకు 2.7 జీబీ అవుతుంది కాబట్టి, నలభై క్యాసెట్లూ నిండుగా ఉన్నా 324 జీబీకి మించదు, 500 జీబీ డిస్క్ సరిపోతుంది. దుకాణంలో చేయిస్తే డీవీడీతో సరిపెట్టుకోకుండా ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో ఇమ్మనండి. 4కే నాణ్యతకు మారుస్తామంటూ అదనంగా అడిగితే ఇవ్వకండి. వీహెచ్ఎస్ టేపులో ఉన్నదే అడ్డంగా దాదాపు 240 గీతల స్పష్టత, లేనిది ఎవరూ పుట్టించలేరు. కాపీలు రెండు తీసి ఒకటి పిల్లల ఇంట్లో ఉంచండి. అవి రెండూ సరిగా నడుస్తున్నాయని చూసుకునేదాకా వీసీఆర్‌ను పాత సామాన్లవాడికి వేయకండి.

ప్రశ్న: కొత్త టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రాలే ఉన్నాయి. అమ్మ పాత వీసీపీకి (రికార్డింగ్ లేని, క్యాసెట్ ప్లే మాత్రమే చేసేది) మూడు రంగుల తీగలు. కన్వర్టర్ తెచ్చి పెట్టినా బొమ్మ రావడం లేదు.
(గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: మీరు తెచ్చిన డబ్బా మీద ఏమి రాసి ఉందో ముందు చూడండమ్మా. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది ఒకటి, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది ఒకటి. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, ఒకటి రెండోదాని పని చేయదు. మీకు కావలసింది రెండోది. సరైనదే అయితే, దానికి యూఎస్‌బీ తీగతో 5 వోల్టుల కరెంటు ఇచ్చారో లేదో చూడండి; చాలామంది ఆ తీగను డబ్బాలోనే వదిలేస్తారు. టీవీ పక్కన ఏవీ అని రాసిన చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే అసలు కన్వర్టరే అక్కర్లేదు, కానీ ఆ టీవీతో వచ్చిన తీగనే వాడాలి, ఎందుకంటే బయట కొన్నవాటిలో లోపలి వరస వేరుగా ఉండి బొమ్మకు బదులు బుర్రుమనే శబ్దం వస్తుంది. బొమ్మ వచ్చాక టీవీ సెట్టింగులలో పిక్చర్ సైజును 4:3కి మార్చండి, లేకపోతే క్యాసెట్‌లో ఉన్నవాళ్లందరూ అడ్డంగా సాగిపోయి కనిపిస్తారు.