చారన్నం, పాలసీసా, పెరగని బరువు

గాజువాక నుంచి అడిగిన అమ్మగారికి నమస్కారం. మీ బాబుకు ఇరవై నెలలని, బరువు 8.7 కిలోలని, రోజుకు నాలుగైదు సార్లు సీసాతో పాలు తాగుతాడని, అన్నం మాత్రం నాలుగు ముద్దలు దాటి తినడని రాశారు. బరువు పెరగడానికి ఏ పొడి మంచిదని అడిగారు. నేను డాక్టరును కాను. మన విశాఖలోనే కంచరపాలెంలో ఉంటూ, మూడేళ్ల కిందట ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగిన తల్లిని. పొడి సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆ పాలసీసాల గురించి మాట్లాడుకోవాలి.

మా పాపకు పద్దెనిమిది నెలలు నిండినప్పుడు 7.8 కిలోలు ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ వయసు ఆడపిల్లల మధ్యస్థ బరువు 10.2 కిలోలు, 8.1 కంటే తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. ఇరవై నెలల మగపిల్లలకు ఆ గీత 9.1 దగ్గర ఉంటుంది కనుక మీ ఆందోళన అకారణం కాదు. అయితే ఒక్కరోజు తూచిన బరువు కంటే, పుట్టినప్పటి నుంచి ఎదుగుదల పటంలో బరువు చుక్కలు ఏ దారిన నడిచాయన్నదే అసలు విషయమని మాకు ఆలస్యంగా అర్థమైంది. మొదటి నుంచీ కింది గీత వెంటే నిలకడగా ఎదుగుతున్న సన్నని పిల్లవాడు వేరు, తొమ్మిదో నెల వరకు బాగా పెరిగి ఆ తర్వాత ఒక్కొక్క గీతా దాటుతూ కిందకు జారిన పిల్లవాడు వేరు. మా పాప రెండో రకం. తల్లీబిడ్డల కార్డులో అంగన్‌వాడీ టీచర్ పెట్టిన చుక్కలను కలిపి చూసేవరకు ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అత్తగారు దిష్టి అనేవారు, మా వారు తమ వైపు అందరూ సన్నమేనని కొట్టిపారేసేవారు.

పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు పాప ఏమేమి తినదో నేను చాలాసేపు చెప్పాను. ఆవిడ అంతా విని, పాలు రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు తాగుతుందని ఒక్క మాట అడిగారు. వేళ్ల మీద లెక్కపెడితే రాత్రి సీసాతో కలిపి దాదాపు లీటరు తేలింది. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకు రోజుకు సుమారు 900 కిలోకేలరీలు సరిపోతాయి, లీటరు టోన్డ్ పాలలోనే అందులో 600 దాకా వచ్చేస్తాయి. ఇక అన్నం పళ్లెం ముందు ఆ పిల్లకు ఆకలి ఎందుకు వేస్తుంది? పైగా పాలలో ఇనుము దాదాపు ఉండదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది, ఆ వయసుకు అది బాగా తక్కువ. పాప గోడ సున్నం గీకి నోట్లో పెట్టుకోవడాన్ని మేము అల్లరి అనుకున్నాము. ఇనుము లోపించిన పిల్లల్లో అలాంటి అలవాటు కనిపిస్తుందని, ఆ లోపం ఆకలిని కూడా చంపుతుందని అప్పుడే తెలిసింది. అంటే పాలు ఆకలిని ఆపుతున్నాయి, ఆకలి లేక తిండి తగ్గుతోంది, తిండి తగ్గి ఇనుము పడిపోతోంది, ఇనుము పడిపోయి ఆకలి ఇంకా తగ్గుతోంది. మేమేమో అన్నం తినలేదు కదా, కనీసం పాలైనా తాగనీ అని ఇంకో సీసా కలుపుతున్నాము.

డాక్టరు బరువును బట్టి ఇనుము చుక్కలు రాశారు, వాటిని పాలతో కలపకుండా విడిగా వేయమన్నారు. పాలు పది రోజుల్లో 400 మిల్లీలీటర్లకు తగ్గించి, సీసా తీసేసి గ్లాసుకు మార్చాము. రాత్రి సీసా మానిపించిన నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, అది దాచడంలో అర్థం లేదు. ఐదో రోజు ఉదయం పాప తనంతట తాను ఇడ్లీ అడిగింది. మీ బాబు ఇంకా తల్లిపాలు తాగుతుంటే ఈ లెక్క దానికి వర్తించదు, రెండేళ్లు దాటినా ఇవ్వవచ్చు.

ఆకలి వచ్చాక రెండో తప్పు బయటపడింది. ఈ వయసు పిల్లల కడుపు శరీర బరువులో కిలోకు సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే పడుతుంది, అంటే మీ బాబుకు పావు లీటరు కంటే కాస్త ఎక్కువ. అంత చిన్న పాత్రలో మనం పోసేది ఏమిటి? పప్పుకట్టు, చారన్నం, పలచని జావ. గట్టిపప్పు పెద్దల కంచాల్లోకి, పైన తేరిన నీళ్లు పిల్ల గిన్నెలోకి వెళ్లేవి. సులువుగా అరుగుతుందన్న నమ్మకంతో చేసిన పనే అది, కానీ చారులో నీళ్లు తప్ప ఏముంది? మెత్తగా మెదిపిన ముద్దపప్పు, అందులో చెంచా నెయ్యి అని మార్చాము. ఒక చెంచా నెయ్యి దాదాపు 45 కిలోకేలరీలు ఇస్తుంది, ముద్ద పరిమాణం మాత్రం పెరగదు. పూటకు ఒక చెంచా చాలు, అంతకు మించితే కొందరు పిల్లలకు మొహం మొత్తుతుంది.

జావ విషయంలో మాత్రం అత్తగారిదే పైచేయి. చోడిపిండి, అంటే రాగిపిండి, మామూలుగా కాస్తే కొంచెం పిండికే గట్టిపడిపోతుంది, గొంతు దిగాలంటే నీళ్లు పోయాలి, నీళ్లు పోస్తే బలం పోతుంది. ఆవిడ విజయనగరం వైపు పద్ధతిలో చోళ్లను రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలు రప్పించి, ఎండబెట్టి పిండి పట్టించేవారు. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది కనుక, ఆ పిండి ఎక్కువ వేసినా జావ జారుగానే ఉంటుంది. మామూలు పిండితో గట్టిగా కాచిన జావను దించి, పొగలు కాస్త తగ్గాక ఒక చెంచా మొలకల పిండి కలిపితే కొద్ది నిమిషాల్లో కళ్లముందే పలచబడుతుంది. తర్వాత దాన్ని మళ్లీ ఒక పొంగు రానివ్వాలి, ఎందుకంటే చివర కలిపినది పచ్చి పిండి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వానాకాలంలో మొలకలు డాబా మీద ఆరక బూజు వాసన పట్టాయి, ఆ విడత మొత్తం పారేశాము. వాసన తేడాగా ఉంటే కక్కుర్తి పడకండి.

గుడ్డు రోజూ ఒకటి పెట్టాము. చేప వారానికి రెండుసార్లు, ముల్లు తీయడం తేలికని వంజరం ముక్కే తెచ్చేవాళ్లం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ధర మండిపోతే చేప మానేసి గుడ్డు, పప్పులతో నడిపాము. వేరుశనగ గుండ, నువ్వుల పొడి ముద్దలో కలపవచ్చు కానీ గింజలుగా చేతికివ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది.

ఇక పొడి. మందుల షాపులో చెప్పారని నేనూ చాక్లెట్ రుచి డబ్బా ఒకటి కొన్నాను, వెనుక చదివితే పంచదార గణనీయంగా ఉంది, పైగా దాన్ని కలపాల్సింది మళ్లీ పాలలోనే. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఇలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్’ అనే విభాగంలో చూపవద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఆ డబ్బుతో గుడ్లు కొనండి. ఆకలి పుట్టిస్తుందనే సిరప్‌ను కూడా సొంతంగా వేయకండి, కొన్నింటితో పిల్లలు మత్తుగా పడి ఉంటారు.

తినిపించే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. ఫోను లేకుండా, మనతో పాటు కూర్చోబెట్టి, అరగంటలో తిన్నంత తిననిచ్చి కంచం తీసేయాలి. మళ్లీ తిండివేళ వరకు రెండున్నర గంటల పాటు బిస్కెట్టు గానీ పాలు గానీ ఇవ్వకుండా, అడిగితే నీళ్లు ఇవ్వాలి. ముక్కు మూసి తినిపించిన ముద్ద మరునాడు నోరే తెరవనివ్వదు, ఇది నేను చేసి చూసిన తప్పు.

ఇవేవీ మొదలుపెట్టే ముందు బాబును ఒకసారి డాక్టరుకు చూపించండి. రెండు వారాలు దాటిన దగ్గు, ఇంట్లో ఎవరికైనా క్షయ, ఆగని విరేచనాలు, పాదాల వాపు, ఆటలు మాని మందకొడిగా ఉండటం లాంటివి ఉంటే ఇంటి వైద్యంతో ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. అంగన్‌వాడీలో దండచుట్టు (మోచేతికి పైన చేతి చుట్టుకొలత) కొలిపించండి, అది 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం కింద లెక్క, దానికి ఆసుపత్రి చూపు తప్పనిసరి. నులిపురుగుల మందు ఏడాది నిండిన పిల్లలకు ఫిబ్రవరిలో, ఆగస్టులో ఉచితంగా వేస్తారు. రెండేళ్ల లోపు సగం మాత్రే.

బరువు వారం వారం తూచకండి, చూసినకొద్దీ గుబులు పెరుగుతుంది. నెలకొకసారి, ఒకే యంత్రం మీద, ఒకే వేళకు తూస్తే చాలు. ఈ వయసులో నెలకు 200 గ్రాములు పెరిగినా మంచి ఎదుగుదలే. మా పాప మొదటి నెలలో 100 గ్రాములే పెరిగింది, రక్తం మెరుగుపడ్డాక వేగం అందుకుని రెండేళ్లు నిండేసరికి 9.3 కిలోలకు చేరింది. ఇప్పటికీ తోటి పిల్లల మధ్య సన్నగానే కనిపిస్తుంది. చారన్నం అంటే దానికి ప్రాణం కాబట్టి అదీ పెడుతున్నాము, కాకపోతే ముద్దపప్పు అన్నం అయ్యాక.