ముందరి పళ్ళ మధ్య అదనపు పన్ను: ముందు ఎక్స్‌రే తీయించండి

మీ ఏడేళ్ళ బాబుకు పై ముందరి పళ్ళ మధ్య మొనదేలిన చిన్న పన్ను వచ్చిందని, దానంతట అదే ఊడుతుందని పెద్దవాళ్ళు అంటున్నారని రాశారు. అలాంటి పన్ను మామూలుగా ఊడదు. దంతవైద్యులు దాన్ని మీసియోడెన్స్ అంటారు. అదనపు పళ్ళలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ.

మా అబ్బాయికీ ఇదే వచ్చింది. బయటికి కనిపించింది బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, అంతే. కానీ దాని ఎడమ పక్కనున్న పన్ను మెలితిరిగి వస్తోంది, కుడివైపుదాని జాడే లేదు. పిల్లల దంతవైద్యురాలు ఎక్స్‌రే తీసి, తెర మీద వేలు పెట్టి చూపించారు: ఎముకలో ఇంకో అదనపు పన్ను, మొన ముక్కు వైపుకు పెట్టి తలకిందులుగా ఉంది. కుడి పన్నుకు అడ్డం అదే. రెంటినీ మత్తు ఇచ్చి తీశారు. లోపలిదాని కోసం చిగురు కోసి కుట్లు వేయాల్సి వచ్చింది. కొన్ని నెలలకు ఆగిపోయిన పన్ను తనే దిగింది. మెలితిరిగినదానికి మాత్రం తర్వాత క్లిప్పులు తప్పలేదు.

అందుకే పీకించాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోండి. ఎప్పుడు తీయాలో వైద్యులు ఎక్స్‌రే చూసే చెబుతారు, ఎందుకంటే పక్క పళ్ళ వేర్లు ఈ వయసులో ఇంకా తయారవుతూ ఉంటాయి. ఒకవైపు ముందరి పన్ను వచ్చి ఆరు నెలలైనా రెండోవైపుది రాకపోతే అసలు ఆగవద్దు. పన్ను మీద పన్ను అదృష్టమని మా ఇంట్లోనూ అన్నారు. ప్రేమతో అన్న మాటే, కానీ ఎముకలో ఏముందో ఆ మాట చెప్పదు.

మా అమ్మాయికి దీనికి పూర్తిగా ఎదురు. పై పక్కపన్ను ఒకటి బాగా చిన్నది, కింది దవడలో ఒక శాశ్వత దంతం పుట్టనేలేదు. అలాంటి చోట ఉన్న పాలపన్నును కాపాడుకుంటే పెద్దయ్యాక కూడా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఆ పంటిని రోజూ రాత్రి నేనే తోముతాను. ఆ చిన్న పక్కపన్ను మా వారికీ ఉంది. ఇవి తరచూ వంశంలో వస్తాయి కాబట్టి మీ రెండో పిల్లను కూడా దంతవైద్యులకు చూపించండి.

ఒకటి రెండు పళ్ళ తేడాకు భయపడనక్కర్లేదు. చాలా పళ్ళు లేకుండా, ఉన్నవి మొనదేలి, జుట్టు పలచబడి, చెమట సరిగా పట్టకపోతే మాత్రం పిల్లల వైద్యుణ్ణి కలవాలి. అది ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు కావచ్చు. చెమట పట్టని పిల్లలకు మన ఎండల్లో ఒళ్ళు కాలిపోతుంది.

ఎక్స్‌రే ఫిల్మును మాత్రం ఆసుపత్రిలో వదిలేయకండి. తర్వాత తీసినదానితో పోల్చి చూడటానికి కావాలి.