పాత సైనిక రైఫిల్ కొనవచ్చా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సైన్యంలో హవల్దారుగా పనిచేసి విరమణ పొందాను. ఇప్పుడు దేవరకొండ దగ్గర మా సొంత ఊళ్లో ఉంటున్నాను. సొంత తుపాకీ, లైసెన్సు ఉంటే బ్యాంకులో గన్‌మన్ ఉద్యోగం తొందరగా దొరుకుతుందని తోటివారు చెబుతున్నారు. పోలీసులు పక్కన పెట్టిన త్రీనాట్‌త్రీ (.303) రైఫిల్‌ను తక్కువ ధరకు, వేరే రాష్ట్రం లైసెన్సుతో సహా ఇప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. విదేశాల్లో పాత సైనిక రైఫిళ్లను దుకాణాల్లోనే అమ్ముతారని విన్నాను. మన దగ్గర కూడా అలా కొనవచ్చా? చౌకలో మంచి బోల్టు రైఫిల్ ఏదో తెలియజేయగలరు. – మాజీ సైనికుడు, దేవరకొండ

జవాబు: ఆ ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అతడు చూపిస్తున్న రైఫిలూ, దానితో పాటు ఇస్తానంటున్న లైసెన్సూ రెండూ మిమ్మల్ని జైలుకు పంపగలవు. ఇన్నేళ్లు దేశానికి సేవ చేసి వచ్చిన మనిషి ఇలాంటి వలలో పడకూడదన్నదే నా ఆరాటం కాబట్టి, కారణాలను కాస్త వివరంగానే చెబుతాను.

విదేశాల సంగతి మీరు విన్నది నిజమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యాలు స్వయంచాలక రైఫిళ్లకు మారడంతో లీ-ఎన్‌ఫీల్డ్ (మన త్రీనాట్‌త్రీ ఇదే), మౌజర్, మోసిన్-నాగాంట్ వంటి బోల్టు రైఫిళ్లు, అంటే ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగి పేల్చేవి, లక్షల సంఖ్యలో గోదాముల్లో మిగిలిపోయాయి. ప్రభుత్వాలు వాటిని టోకున వ్యాపారులకు అమ్మివేశాయి కనుక, గట్టి ఉక్కుతో, మంచి పనితనంతో తయారైన రైఫిల్ కూడా కొత్త వేట తుపాకీ ధరలో కొంత భాగానికే దొరికేది. మన దేశంలో ఆ మార్గం లేదు. సైన్యం, పోలీసు శాఖ వాడి పక్కన పెట్టిన రైఫిళ్లను పౌరులకు అమ్మరు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవంతో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు పలికినప్పుడు కూడా ఆ రైఫిళ్లు ఏ దుకాణానికీ రాలేదు.

అసలు అడ్డంకి బోరు (గొట్టం లోపలి వ్యాసం) దగ్గర ఉంది. 2016 నాటి ఆయుధ నిబంధనల మొదటి షెడ్యూలులో ఒకటో వర్గం కింద .303 లేదా 7.62 మిల్లీమీటర్ల బోరు గల బోల్టు రైఫిళ్లనూ, ఆ బోర్ల సైనిక తూటాలను ఎక్కించి పేల్చగలిగే మరే రైఫిల్‌నైనా చేర్చారు. ఇక్కడ బోల్టు రైఫిల్ అన్న మాటను విడిగా పేర్కొన్నారు కాబట్టి, స్వయంచాలకం కాదు గదా అన్న వాదన నిలవదు. ఈ వర్గం లైసెన్సు కలెక్టరు చేతిలో కూడా లేదు, అది కేంద్ర హోంశాఖ పరిధిలోనిది. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ దగ్గర ఉంచుకున్నా, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. నిషిద్ధ ఆయుధమన్న అభియోగం రుజువైతే శిక్ష ఏడేళ్లకు తగ్గదు, పద్నాలుగేళ్ల వరకు వెళ్లవచ్చు.

వేరే రాష్ట్రం లైసెన్సు మాటకు వస్తే, 2012 నుంచి 2016 వరకు జమ్మూకశ్మీర్‌లో నిబంధనలకు విరుద్ధంగా లక్షల సంఖ్యలో లైసెన్సులు జారీ అయ్యాయన్న ఆరోపణలపై సీబీఐ దర్యాప్తు జరిగింది. సైనికుల పేరు మీద ఏజెంట్లు బేరాలు నడిపారన్న ఆరోపణలు కూడా వచ్చాయి. మీ నివాసం నల్లగొండ జిల్లాలో ఉంటే లైసెన్సు ఇవ్వవలసింది ఇక్కడి కలెక్టరే. పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉన్నవారికి కమిషనర్ ఇస్తారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయాలి. పోలీసు విచారణ జరుగుతుంది, ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, తుపాకీని భద్రంగా పెట్టే ఏర్పాటు ఉందో లేదో చూస్తారు. మంజూరైన ప్రతి లైసెన్సుకూ జాతీయ ఆయుధ లైసెన్సుల సమాచార నిధిలో ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది. ఎవరైనా మీకు లైసెన్సు పుస్తకం చూపితే ముందు ఆ సంఖ్య నిజమైనదో కాదో మన జిల్లా కార్యాలయంలోనే విచారించండి.

ఇక చట్టబద్ధంగా కొనదగిన బోల్టు రైఫిల్ విషయం. మన దేశంలో దానికి పేరుపడ్డది .315 బోరు రైఫిల్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం తయారు చేసే ఈ రైఫిల్ బోల్టు అమరిక లీ-ఎన్‌ఫీల్డ్‌దే కాబట్టి, త్రీనాట్‌త్రీ పట్టిన చేతికి ఇది కొత్తగా అనిపించదు. బ్రిటిష్ వారి కాలంలో సైనిక తూటాలు దొంగిలించినవారికి పనికిరాకుండా పోవాలని సైనిక బోర్లను పౌరులకు నిషేధించినప్పుడు, ఆస్ట్రియాలో పుట్టిన 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటాను వేటగాళ్ల కోసం ఇక్కడ వాడుకలోకి తెచ్చారు. ఆ పాత ఏర్పాటే నేటికీ కొనసాగుతోంది.

కొత్తది కొనే స్తోమత లేకపోతే మరో లైసెన్సుదారు నుంచి పాతది కొనవచ్చు. ఆయుధాల చట్టం ఐదో సెక్షను ప్రకారం అమ్మదలచిన వ్యక్తి జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషను అధికారికి గానీ రాతపూర్వకంగా తెలియజేసి, నలభై ఐదు రోజులు గడిచాకే తుపాకీ అప్పగించాలి. మీ పేరు మీద ముందే లైసెన్సు మంజూరై ఉండాలన్నది చెప్పనక్కరలేదు. చౌక బేరం కుదిరేది నిజానికి ఇక్కడే. పిల్లలు పట్నాల్లో స్థిరపడి, లైసెన్సు పునరుద్ధరణ తిప్పలు పడలేక పాత రైఫిల్ వదిలించుకోవాలనుకునే పెద్దవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. 2019 సవరణ ఒక వ్యక్తికి అనుమతించే తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది కనుక, మూడోది వదులుకోవలసి వచ్చినవారూ ఉన్నారు.

పాతది చూసేటప్పుడు పై మెరుగు చూసి మోసపోవద్దు. ముందుగా రైఫిల్ గదిలో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) తూటా లేదని నిర్ధారించుకొని, బోల్టు పూర్తిగా తీసి, వెనక వైపు నుంచి గొట్టంలోకి వెలుతురు పెట్టి చూడండి. గుండును తిప్పి పంపే మెలి గాడులు గొట్టం పొడవునా పదునుగా కనిపించాలి. నల్లటి గుంటలు ఉన్నా, మూతి దగ్గర గాడులు అరిగిపోయి ఉన్నా గురి నిలవదు. బోల్టు మీది అంకె, రైఫిల్ ఒంటి మీది అంకె, లైసెన్సు పుస్తకంలోని అంకె మూడూ ఒకటే కావాలి. బోల్టు మరొక రైఫిల్‌దైతే, తూటా వెనకభాగానికీ బోల్టు ముఖానికీ మధ్య ఉండవలసిన సందు తప్పిపోయి, పేల్చినప్పుడు తూటా డొల్ల చీలి మంట ముఖం మీదికి రావచ్చు. ఆ సందును గేజీతో కొలవగల పనివాడు లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గర దొరుకుతాడు. ఆ ఖర్చుకు వెనుకాడకండి. గొట్టాన్ని గానీ గదిని గానీ ఎవరైనా తొలిచి మార్చినట్లు అనుమానం వస్తే ఊరకే ఇచ్చినా తీసుకోవద్దు. సైనిక తూటా ఎక్కేలా మార్చారంటే అది మళ్లీ ఒకటో వర్గంలో పడుతుంది.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెబుతాను. మీకు కావలసింది బ్యాంకు ఉద్యోగమే అయితే రైఫిల్ అసలు అవసరం లేదు. బ్యాంకు గన్‌మన్ల దగ్గర సాధారణంగా ఉండేది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ. రైఫిల్ గుండు కిలోమీటరు దాటి ప్రాణం తీయగలదు, గోడలు దాటి పోగలదు. జనం నిండిన బ్యాంకు వరండాలో అది కాపలాకు తగిన ఆయుధం కాదు. పన్నెండు బోరు పాతది .315 కంటే సులభంగా దొరుకుతుంది. ఎన్నికల ప్రకటన వచ్చినప్పుడు తుపాకీని స్టేషనులో అప్పగించమని ఆదేశాలు రావడం మామూలే కాబట్టి, ఆ రోజుల్లో విధులు ఎలా ఉంటాయో, మినహాయింపు ఎవరు కోరాలో ఉద్యోగంలో చేరే ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్-1బి వీసా మీద టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితులతో కలిసి పాత రష్యన్ సైనిక రైఫిల్ కొంటానని, తిరిగి వచ్చేటప్పుడు ఇంటికి తెస్తానని అంటున్నాడు. నాకు భయంగా ఉంది. – ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, మీ భయంలో న్యాయముంది. ఈ జవాబును మీ అబ్బాయికి ఈరోజే పంపండి. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. హెచ్-1బి, చదువుకునేవారి ఎఫ్-1 రెండూ ఇందులోకే వస్తాయి. టెక్సస్ రాష్ట్ర చట్టం ఎంత ఉదారంగా ఉన్నా సమాఖ్య చట్టం ముందు అది అక్కరకు రాదు. శిక్ష పదిహేనేళ్ల వరకు ఉండవచ్చు. గ్రీన్‌కార్డు ఆశ కూడా దానితో పోయినట్లే. అక్కడి రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది, స్నేహితులు దాని గురించే చెప్పి ఉంటారు. కానీ దాన్ని నమ్ముకొని అడుగు వేసే ముందు అక్కడి వలస చట్టాల న్యాయవాదిని కలవమనండి. దుకాణంలో అడిగి తెలుసుకునే విషయం కాదిది.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. వారు లైసెన్సు ఉన్న దుకాణంలో సమాఖ్య పత్రం నింపి, నేరచరిత్ర తనిఖీ పూర్తయ్యాక కొనవచ్చు. ఒకప్పుడు తపాలాలో డబ్బు పంపి రైఫిల్ తెప్పించుకునే వీలుండేది. 1963లో అధ్యక్షుడు కెనెడీ హత్యకు వాడిన ఇటలీ సైనిక రైఫిల్ కూడా అలా తపాలాలో తెప్పించుకున్న పాత సరుకే. 1968 చట్టంతో ఆ పద్ధతి ఆగింది. ఈ పత్రిక చదివే ప్రవాసుల్లో అలాంటి అర్హత ఉన్నవారు మోసిన్-నాగాంట్ కొనేటట్లయితే, పైన .315 విషయంలో చెప్పిన పరీక్షలన్నీ దానికీ చేయాలి. దానితో వచ్చే పాత సైనిక తూటాల మండించే మందులో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేల్చాక గొట్టంలో మిగిలే లవణం గాలిలోని తేమను పీల్చి ఒక్క రాత్రిలో తుప్పు పట్టిస్తుంది. నూనె గుడ్డతో తుడిస్తే ఆ లవణం పోదు. అదే రోజు వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాయాలి.

ఇంటికి తేవడం మాత్రం ఎవరికీ కుదరదు. విదేశంలో నివాసం ముగించి శాశ్వతంగా తిరిగివచ్చేవారికి ఒక తుపాకీ తెచ్చుకునే ఇరుకు దారి ఉన్నా, అది అనుమతించిన బోర్లకే పరిమితం. 1891లో పుట్టిన మోసిన్-నాగాంట్ 7.62 బోరుది. కాబట్టి అది ఇక్కడ మొదటి ప్రశ్నలో చెప్పిన ఒకటో వర్గంలోకే వస్తుంది. షూటింగుకు వెళ్లిన బ్యాగునే ప్రయాణానికి వాడి, అడుగున ఒక్క తూటా మిగిలిపోయినా శంషాబాద్‌లో కేసు ఎదుర్కోవలసి వస్తుందని కూడా అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: అచ్చంపేట దగ్గర మా మక్కజొన్న, పల్లి చేలను అడవి పందులు నాశనం చేస్తున్నాయి. పంట కాపాడుకోవడానికి తక్కువ ధరలో రైఫిల్‌కు లైసెన్సు వస్తుందా? – రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: పంట రక్షణకు తుపాకీ లైసెన్సు కోరే హక్కు చట్టంలో ఉంది, భూమి పత్రాలతో కలెక్టరుకు దరఖాస్తు చేయవచ్చు. కానీ లైసెన్సు వచ్చినంత మాత్రాన పందిని కాల్చే అనుమతి వచ్చినట్లు కాదని దయచేసి గుర్తించండి. అడవి పంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. పంటకు హాని చేస్తున్న జంతువును చంపడానికి అటవీ శాఖ అధికారం ఉన్న అధికారి రాతపూర్వక అనుమతి విడిగా కావాలి. మీది అమ్రాబాద్ పులుల అభయారణ్యం పక్కనున్న ప్రాంతం. ఆ హద్దు లోపల తుపాకీతో కనిపించడమే నేరమవుతుంది. ముందు పంట నష్టాన్ని ఫొటోలతో రేంజి అధికారికి రాసి ఇచ్చి, పరిహారానికీ, పందుల అదుపుకూ అడగండి. మీ చేను చుట్టూ ఇళ్లు, రాత్రి కాపలా ఉండే రైతులు ఉంటారు కనుక చీకట్లో రైఫిల్ వాడకాన్ని నేను సిఫారసు చేయలేను. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి, దానికి పొరుగు చేను రైతులు బలి కావచ్చు.

ప్రశ్న: సూర్యాపేట దగ్గర మా పాత పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద గుడ్డలో చుట్టిన తుప్పు పట్టిన బోల్టు రైఫిల్, పక్కన ఒక బర్మార్ (మూతి నుంచి మందు కూరి పేల్చే నాటు తుపాకీ) దొరికాయి. సాయుధ పోరాటం నాటివని మా పెద్దలంటున్నారు. జ్ఞాపకంగా ఉంచుకోవచ్చా? – పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: ముందుగా ఆ రైఫిల్ బోల్టును ఎవరూ లాగవద్దు, పిల్లలను ఆ గది దరికి రానివ్వవద్దు. తుప్పు పట్టిన రైఫిల్ గొట్టం వెనక డెబ్బై ఐదేళ్ల నాటి తూటా ఇంకా ఉండవచ్చు, అది పేలనూ వచ్చు. ఆటోలో వేసుకొని స్టేషనుకు తీసుకెళ్లవద్దు. దొరికిన తేదీ, చోటు, చూసిన సాక్షులను రాసి స్టేషనుకు తెలియజేసి, వాళ్లనే ఇంటికి రమ్మనండి. అప్పగించేటప్పుడు పంచనామా ప్రతి, రసీదు అడిగి తీసుకోండి. మీరుగా తెలియజేశారన్న ఆధారం ఆ కాగితమే.

బాగుచేసినా సరే పేల్చడానికి పనికిరాని పురాతన ఆయుధానికి ఆయుధాల చట్టం 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. కానీ అది పనికిరానిదని తేల్చవలసింది మీరూ నేనూ కాదు, అధికారులు పంపే నిపుణుడు. 1946 నుంచి 1951 వరకు నల్లగొండ పల్లెల్లో ప్రజలు పట్టిన ఆయుధాలకు చరిత్రలో ఎంత విలువ ఉందో నాకు తెలుసు, వాటిని కరిగించి పారేస్తారేమోనన్న బాధ సహజమే. అందుకే అప్పగించే రోజునే కలెక్టరుకు ఒక వినతిపత్రం ఇవ్వండి. అందులో మీ కుటుంబ చరిత్ర, ఆ ఇల్లు ఎవరిది, పోరాటంలో ఎవరు పాల్గొన్నారు అన్న వివరాలు రాసి, నిపుణుడి పరీక్ష పూర్తయ్యాక పనికిరానివని తేలితే మీకు తిరిగి ఇవ్వాలనీ, లేదంటే పురావస్తు శాఖ ప్రదర్శనశాలకు మీ పెద్దల పేరుతో అప్పగించాలనీ కోరండి. వినతిపత్రం ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోవడం మరవకండి.