పంచాంగం పక్కన ఆటల పట్టిక

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. మూడూ మన సరిహద్దు ఊళ్ల నుంచే వచ్చాయి, మూడింటిలోనూ చిక్కు ఒక్కటే: అమెరికాలో బేస్‌బాల్ మైనర్ లీగ్ కొలువు, ఇక్కడి ఇంటి శుభకార్యాలు.

ప్రశ్న: మాది బరంపురం, పట్టు నేసే ఇల్లు. మా పెద్దవాడు అమెరికాలో ఒక మైనర్ లీగ్ జట్టులో ఆటగాళ్లకు వ్యాయామ శిక్షకుడిగా మూడేళ్లుగా పనిచేస్తున్నాడు. క్రితంసారి మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకు రాలేదు. వచ్చే వైశాఖంలో వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి, ఆషాఢంలో కోడలికి అక్కడే పురుడు, శ్రావణంలో చెల్లెలి పెళ్లి అనుకుంటున్నాము. దేనికి పిలిచినా “సీజనమ్మా, కుదరదు” అంటాడు. మైనర్ లీగ్ అంటే చిన్న లీగే కదా, దానికి ఇంత బిగువెందుకు? ఇది నిజంగా కుదరకపోవడమా, లేక రావడం ఇష్టం లేకపోవడమా?
— ఒక తల్లి, బరంపురం

జవాబు: చెల్లెమ్మా, మీ మనసును తొలుస్తున్నది ఆ చివరి ప్రశ్నే కాబట్టి ముందుగా దానికే జవాబు చెబుతాను. మీ అబ్బాయి అబద్ధమాడడం లేదు. అమెరికాలో పెద్ద లీగు జట్లు 30 ఉన్నాయి. ఒక్కొక్క దాని కింద ఆటగాళ్లను తయారుచేసే జట్లు నాలుగేసి, మొత్తం 120, నాలుగు అంచెలుగా నడుస్తాయి. వాటన్నింటిలో పై అంచె అయిన ట్రిపుల్ ఏలో ఒక్కో జట్టు మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి వరకు 150 మ్యాచ్‌లు ఆడుతుంది. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో వరుసగా ఆరు ఆటలుంటాయి. సోమవారం సెలవే గానీ, తరువాతి ఆటలు పొరుగూరిలో అయితే ఆ సెలవు ప్రయాణంలోనే కరిగిపోతుంది. రాత్రి ఏడింటి ఆటకు వ్యాయామ శిక్షకుడు మధ్యాహ్నమే మైదానానికి చేరుకోవాలి. సాధారణంగా జట్టుకు అటువంటి మనిషి ఒక్కడే ఉంటాడు కాబట్టి అతను లేచి వెళితే ఆ కుర్చీ ఖాళీ. పెళ్లిళ్ల గిరాకీ ముదిరిన నెలలో మీ ఇంట్లో మగ్గం ఆపి చుట్టపుచూపుగా రమ్మని ఎవరైనా పిలిస్తే మీరేమంటారు? అతనికి ఆ గిరాకీ ఆరు నెలలు ఏకధాటిగా ఉంటుంది.

“చిన్న లీగ్” అన్న మాట మీరు తేలిగ్గా వాడారు. చిన్నది కావడం వల్లనే అక్కడ బిగువు ఎక్కువ. ట్రిపుల్ ఏ ఆటగాడికి కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లుగా ఉండేది. 2022లో మైనర్ లీగ్ ఆటగాళ్లు సంఘంలో చేరి, 2023 మార్చిలో ఒప్పందం చేసుకొన్న తరువాతనే అది 35,800 అయింది. ఆటగాళ్లకైతే ఇప్పుడు అడిగే గొంతు ఒకటి ఉంది. శిక్షకులు ఆ సంఘంలోని వారు కారు. సెలవు మాట నోట రావడానికి మీ అబ్బాయి జంకుతున్నాడంటే ఆ జంకుకు కారణం లేకపోలేదు.

అలాగని తప్పంతా సీజనుదేనని నేననను. వచ్చే ఏటి ఆటల పట్టిక సీజను మొదలవడానికి చాలా ముందుగానే వెలువడుతుంది. అది వచ్చిన రోజునే అతను మీకు పంపి ఉండవలసింది. మీరు ముహూర్తాలు చూసుకొని చెప్పడం, అతను కుదరదనడం, మీరు నొచ్చుకోవడం ఇలా సాగుతున్నదంటే, పంచాంగమూ ఆ పట్టికా ఒక్కసారైనా పక్కపక్కన పడలేదన్న మాట. నేను ఇక్కడ కూర్చుని పెట్టి చూశాను. చైత్రం నుంచి భాద్రపదం దాకా అతను కట్టుబడి ఉంటాడు. ఆశ్వయుజం వచ్చేసరికి చేయి ఖాళీ అవుతుంది. కార్తికం, మార్గశిరం పూర్తిగా మీవే, అయితే డిసెంబరు నడుమ ధనుర్మాసం పట్టేలోగా పెళ్లి ముగించాలి. సంక్రాంతి దాటాక మాఘంలో ఇంకొక అవకాశం ఉంది. ఫాల్గుణం మాత్రం నమ్ముకోకండి, అప్పటికి జట్లన్నీ ఫ్లోరిడాకో అరిజోనాకో సాధనకు చేరి ఉంటాయి. నడుమ మూఢం ఏమైనా అడ్డొస్తుందేమో మీ పురోహితులు చూసి చెబుతారు.

కాబట్టి పెళ్లి శ్రావణం నుంచి కార్తికానికి జరగాలి. మగపెళ్లివారు ఒప్పుకొంటారా అని మీరు వెనకాడుతూ ఉండవచ్చు. “పెళ్లికూతురి అన్నగారు లేనిదే మేము పీటల మీద కూర్చోము” అని మీరు గట్టిగా అంటే, కాదనే వియ్యంకులు మన వైపు తక్కువ. మీ వెనకంజను మాత్రం అబ్బాయి మీదికి నెట్టకండి.

షష్టిపూర్తి సంగతి వేరు. అది పుట్టిన నెలకూ నక్షత్రానికీ ముడిపడిన కార్యం. జన్మనక్షత్రం నాడు ఇంటిమటుకు ఆయుష్య హోమం చేసుకొని, మాంగళ్యధారణ, బంధువుల భోజనాలు కార్తికంలో పెట్టుకొన్న కుటుంబాలు నాకు తెలుసు. అలా విడదీయవచ్చునా అన్నది పురోహితులను అడగండి, అంతకన్నా ముందు మీవారిని అడగండి. ఉత్తరం మొత్తంలో ఆయన మాట ఒక్కటీ లేదు. ఆరు నెలలు ఆగి కొడుకు చేతి మీదుగా పట్టుపంచె అందుకోవడమే ఆయనకు ఇష్టమేమో.

జరపడానికి వీల్లేనిది పురుడు ఒక్కటే. మీ అబ్బాయి పంతం పట్టి నిలబడవలసింది ఇక్కడే. పెద్ద లీగులో ఆటగాడికి బిడ్డ పుడితే మూడు రోజుల దాకా జట్టు విడిచి వెళ్లే ఏర్పాటు 2011 నుంచి ఉంది. అది శిక్షకులకు వర్తించకపోయినా, 1993 నాటి అమెరికా కుటుంబ సెలవు చట్టం ఉంది. ఒకే యజమాని దగ్గర పన్నెండు నెలలు, కనీసం 1,250 గంటలు పనిచేసి, చుట్టూ 75 మైళ్లలో ఆ సంస్థకు యాభైమంది ఉద్యోగులుంటే, బిడ్డ పుట్టినప్పుడు తండ్రికి కూడా పన్నెండు వారాల వరకు జీతం లేని సెలవు దొరుకుతుంది, తిరిగి వచ్చాక ఉద్యోగం ఉంటుంది. తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యానికీ అది వర్తిస్తుంది. పెళ్లికీ షష్టిపూర్తికీ వర్తించదు. ఆ షరతులు తనకు సరిపోతాయో లేదో అతను కనుక్కోవాలి. ముందుగా తెలిసిన కాన్పుకు ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది ఆ చట్టంలోని నియమమే. ఇంకొక మాట: మైదానం, టిక్కెట్లు చూసుకొనేది ఊరి క్లబ్బు, కానీ శిక్షకులను నియమించేది పైనున్న పెద్ద జట్టు. సెలవు కోసం ఊరి క్లబ్బు మేనేజరును బతిమాలుకొంటే పని కాదు. పెద్ద జట్టులో తన విభాగం చూసే అధికారికి రాయాలి. అంచెలన్నీ తిరుగుతూ పర్యవేక్షించే శిక్షకులు వారి దగ్గర ఉంటారు, నెల ముందు తెలిస్తే వారిలో ఒకరిని పంపగలరు.

ముందుగా అడగడం గురించి ఇంతగా చెప్పడానికి నా సొంత కారణం ఒకటుంది. నేను ముప్పై ఏళ్లు గూడ్సు బండ్ల మీద గార్డుగా తిరిగినవాణ్ణి. మా అమ్మాయి అక్షరాభ్యాసానికి సెలవు కావాలని నాలుగు రోజుల ముందు అడిగాను. పై అధికారి కాదన్నారు, అప్పటికే డ్యూటీలు వేసేశారు కాబట్టి కాదనడం న్యాయమే. మూడో రోజు ఇంటికి వస్తే మా ఆవిడ అలమర పైనుంచి తువ్వాలు కప్పిన పలక దించి చూపించింది. “ఓం నమః శివాయ సిద్ధం నమః” అన్న అక్షరాలు, మా నాన్న చేయి పట్టి దిద్దించినవి, ‘సిద్ధం’ దగ్గర తువ్వాలు రాసుకొని చెదిరిపోయి ఉన్నాయి. ముహూర్తం సంగతి నాకు నెలన్నర ముందే తెలుసు, అడగడానికి మొహమాటపడ్డాను, అంతే.

పెళ్లికి అతను రావాలంటే ఇంకొక జాగ్రత్త అవసరం. అమెరికా తిరిగి వెళ్లడానికి పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు మిగిలి ఉందో లేదో ఇప్పుడే చూసుకొమ్మనండి. తీరిపోయి ఉంటే కొత్త ముద్రకు అపాయింట్‌మెంట్ కావాలి. ఒడిశా హైదరాబాదు కాన్సులేటు పరిధిలోకి వస్తుంది. పెళ్లి తేదీ ఖాయమయ్యేలోపే ఆ అపాయింట్‌మెంట్ కోసం ప్రయత్నం మొదలుపెట్టాలి.

ఇక ఠాకురాణి యాత్ర రెండేళ్లకొకసారి చైత్రంలో వస్తుంది, అప్పుడే వాళ్ల సీజనూ మొదలవుతుంది. ఈ కొలువులో ఉన్నంతకాలం అది అతనికి దక్కదని ఒప్పుకోవడమే మంచిది. మీరు మొక్కు ఏదైనా పెట్టుకొని ఉంటే అతని పేర వేషం కట్టడానికి తమ్ముడి వరసవాళ్లు బరంపురంలో ఎంతమంది లేరు! మాట్లాడాలనుకొంటే సోమవారం రాత్రి ఏడున్నరకు ఫోన్ చేయండి. అతను ఉండేది అమెరికా తూర్పు తీరంలో అయితే, వేసవిలో అక్కడ అప్పుడు సోమవారం ఉదయం పది గంటలు. ఆట రోజున చేసి, ఎత్తలేదని బాధపడకండి.

ప్రశ్న: నేను పురుటికి జయపురం వచ్చాను. బాబు జనవరి నడుమ పుట్టాడు. మావారు అమెరికా తూర్పు తీరంలో ఒక సింగిల్ ఏ (అన్నిటికన్నా కింది అంచె) జట్టులో ఆటగాళ్ల గాయాలకు చికిత్స చూసే ఉద్యోగంలో ఉన్నారు. ఆరో నెలలో అన్నప్రాశన చేసి తీరాలని అత్తగారు అంటున్నారు. వారు వచ్చేదాకా ఆపాలని నాకుంది. జులైలో మూడు నాలుగు రోజుల విరామం ఉందట, అందులో వచ్చి వెళ్లగలరా?
— ఒక ఇల్లాలు, జయపురం

జవాబు: అమ్మాయీ, ఈసారి నేను మీ అత్తగారి పక్షం. పై ఉత్తరంలో పెళ్లి జరపమన్నాను కదా అని ఇది కూడా జరపమంటాననుకోకండి. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తని అన్నం, పప్పుకట్టు మొదలుపెట్టాలని వైద్యులు చెబుతారు. తండ్రి సెలవు కోసం బిడ్డ ఆకలి ఆగదు. మగపిల్లలకు సరి నెలల్లో, అంటే ఎనిమిదిలోనో పదిలోనో చేయవచ్చునని శాస్త్రం వెసులుబాటు ఇస్తుంది నిజమే, కానీ పెట్టే అన్నమంతా పెట్టేసి పదో నెలలో అన్నప్రాశన చేయడం నాకు వేడుకగా తోచదు.

జులై విరామాన్ని నమ్ముకోవద్దు. రెండు మూడు విమానాలు మారి విశాఖలో దిగి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీదుగా జయపురం చేరేసరికే అందులో సగం పోతుంది. దానికి బదులు ముహూర్తం ఉదయం తొమ్మిది గంటలకు పెట్టించండి. వారికి అది ముందురోజు రాత్రి పదకొండున్నర అవుతుంది. మైనర్ లీగ్‌లో బంతి వేయడానికి గడియారం పెట్టి, ఆ గడువును అన్ని అంచెల్లోనూ గట్టిగా అమలుచేసిన 2022 నుంచి ఆటలు సగటున ఇరవై అయిదు నిమిషాలు ముందుగా ముగుస్తున్నాయి. ఆఖరి ఆటగాడి భుజానికి ఐసు కట్టి పంపించాక కూడా వారు ఫోను ముందు కూర్చోగలరు. మేనమామ ఒడిలో బాబును కూర్చోబెట్టి, ఫోనును పళ్లెం ముందు చెంబుకు ఆనించి పెట్టండి. పుస్తకం, కలం, బంగారం, పూలు పెట్టినప్పుడు వాటిలో ఒక బంతి కూడా ఉండనివ్వండి, మీ అత్తగారు ఏమీ అనకపోతే.

పుట్టువెంట్రుకలు మాత్రం వారికోసం ఆపండి. పదకొండో నెల నవంబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా వస్తుంది, అప్పటికి సీజను ముగిసి ఉంటుంది. మీ ఇలవేల్పు సింహాద్రి అప్పన్న అయితే, వారు విమానం దిగే విశాఖలోనే ఆ కొండ ఉంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి అమెరికాలో ఒక మైనర్ లీగ్ క్లబ్బులో టిక్కెట్ల అమ్మకాల విభాగంలో పనిచేస్తున్నాడు. ఏడాదిలో సగం ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగమని మా బావగారు వద్దంటున్నారు. ఇవ్వవచ్చునా?
— ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: మీ బావగారు విన్నది ఆటగాళ్ల గురించి, శిక్షకుల గురించి. టిక్కెట్లు, ప్రకటనలు చూసే సిబ్బంది జట్టుతో పాటు తిరగరు. జట్టు పొరుగూరికి వెళ్లిన వారంలో వారు మామూలు ఆఫీసు వేళలకే పనిచేసి సాయంత్రం ఇంటికి చేరతారు. జట్టు సొంత మైదానంలో ఆడే ఆరు రోజులు మాత్రం పొద్దున ఆఫీసుకు వెళ్లిన మనిషి రాత్రి ఆట ముగిసి జనం వెళ్లాకనే బయటపడతాడు. చలికాలం వచ్చే సీజను టిక్కెట్లు అమ్ముకోవడంతో సరిపోతుంది గానీ, సెలవు అడగడానికి అదే అనువైన కాలం. సంబంధం వదులుకోవడానికి ఇది కారణం కాదు. జీతం ఎంతో, వీసా ఏమిటో మీరు సూటిగా అడగండి. వేళల సంగతి మాత్రం అబ్బాయి చేతే అమ్మాయికి చెప్పించండి. చిన్న క్లబ్బుల్లో వాన మొదలైతే టిక్కెట్లు అమ్మేవాడు, ప్రకటనలు చూసేవాడు అన్న తేడా లేకుండా అందరూ పరుగెత్తి మైదానం మీద పెద్ద పట్టా లాగి కప్పుతారు. పెళ్లయిన మొదటి వేసవిలో, వాన పడిన రాత్రి, అతను ఒళ్లంతా బురదతో ఇంటికొస్తే ఆ పిల్ల కంగారు పడకూడదు కదా.