అమ్మలూ, రాళ్లు పేర్చే ముందు ఒక మాట

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. కోరల్స్ (పగడాలు) పెంచడానికి 75 గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంకు, స్టాండు, కింద నీళ్లు శుభ్రం చేసే సంపు తొట్టి, అన్నీ బాగా కుదిరాయి, లెవెల్ కూడా నువ్వే చూసుకున్నావట, సంతోషం. కానీ గరాజ్‌లో పరిచిన ఆ రాళ్లు చూసి మాత్రం గుండె గుభేలుమంది. 80 పౌండ్లు కొన్నావా తల్లీ? షాపులో గ్యాలనుకి పౌండు అని చెప్పుంటారు, నువ్వు ఎందుకైనా మంచిదని ఇంకో అయిదు వేసుకున్నావు. వీటిలో సగం కంటే కాస్త ఎక్కువ వాడతావేమో, అంతే. కొన్ని సంపులో వేసుకో, మిగతావి అట్టపెట్టెలో దాచు, ఎప్పుడో పనికొస్తాయి. ఆ పౌండ్ల లెక్క, నీళ్లు శుభ్రం చెయ్యడానికి రాయి తప్ప వేరే ఫిల్టరు లేని రోజుల్లోది. పైగా ఒక రాయి గట్టిగా బరువుగా ఉంటుంది, ఇంకోటి తేనెపట్టులా చిల్లులతో తేలిగ్గా ఉంటుంది, రెంటినీ ఒకే తూకంలో వేసి ఏం తెలుసుకుంటాం?

నా మొదటి ట్యాంకు సంగతి నీకు తెలియదు, అప్పటికి నువ్వు బళ్లో ఉన్నావు. 2006లో హ్యూస్టన్‌లో పెట్టాను. సంక్రాంతికి మీ నాయనమ్మ పెట్టే బొమ్మల కొలువు లాగా, వెనక అద్దానికి ఆనించి మెట్లు మెట్లుగా రాళ్లు పేర్చి, మెట్టుకో కోరల్ పెట్టాను. చూడ్డానికి ఎంత బాగుందో! ఆర్నెల్లు తిరిగేసరికి పెంట, తిండి కుళ్లగా నీళ్లలో చేరే నైట్రేట్ దిగనంటుంది, రాళ్ల సందుల్లో ఎర్రటి జిగురు పొర పట్టేస్తుంది, గొట్టంతో లాగేస్తే నాలుగో రోజుకి మళ్లీ హాజరు. నీళ్లు మార్చాను, తిండి తగ్గించాను, లైటు తగ్గించాను. మూడేళ్ల తర్వాత ఇల్లు మారేటప్పుడు ఆ గోడ విప్పితే వెనక అర బకెట్టు బూడిదరంగు బురద ఉంది, కుళ్లిన గుడ్ల వాసనతో. మూడేళ్లు ఆ వెనక్కి చుక్క నీరు కదల్లేదన్నమాట. పంపులు తక్కువేం కాదు, మూడు పెట్టాను. నీళ్లకి దారి లేనప్పుడు పంపు ఏం చేస్తుంది?

అందుకని నువ్వు రాళ్లు పేరుస్తున్నానని అనుకోకు. రాళ్ల మధ్య నీళ్లు పోయే సందులు కడుతున్నానని అనుకో. మనది లంకల ఊరు కదా, వరదొచ్చినప్పుడు చూసే ఉంటావు, గోదారి లంక తల దగ్గర కోత పడుతుంది, తోక దగ్గర వడి తగ్గి మేట వేస్తుంది. ట్యాంకులోనూ అంతే. ప్రతి రాయికీ ఒక తల, ఒక తోక ఉంటాయి. చేపల పెంట, తినగా మిగిలిన తిండి అంతా తోక దగ్గరే చేరుతుంది. మేట లేకుండా చెయ్యడం ఎవరి వల్లా కాదు, కానీ అది ఎక్కడ పడాలో నువ్వు నిర్ణయించుకోవచ్చు. ముందు వైపు, గొట్టం పెట్టి లాగెయ్యగలిగే చోట పడేట్టు చూసుకో. అలా కుదిరిందంటే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు కొలతలకి వద్దాం. నీ ట్యాంకు 48 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 21 ఎత్తు. ముందు అద్దం నుంచి 4 అంగుళాలు, వెనక 3 అంగుళాలు వదిలెయ్, అద్దం తుడిచే అయస్కాంతం చుట్టూ తిరగాలి, పైగా కోరల్స్ పెరిగి ఆ ఖాళీలోకే వస్తాయి. అంటే నీకు మిగిలేది 11 అంగుళాల పట్టీ. పక్కల అయిదారు అంగుళాలు వదులు. ఎత్తు 13, 14 అంగుళాలు దాటనివ్వకు. ఈ రోజు ఖాళీగా, బోసిగా కనిపిస్తుంది, మీ ఆయన కూడా ఇంతేనా అంటాడు, పట్టించుకోకు. రెండేళ్లకి ఆ పైభాగమంతా కోరల్స్ ఆక్రమిస్తాయి.

ఒక అట్టముక్కని సరిగ్గా 48 బై 18 కోసి గరాజ్ నేల మీద పరుచు, దాని మీద పేర్చు. ఒక వారం అలాగే ఉంచు, వచ్చేటప్పుడు పోయేటప్పుడు చూస్తుంటావు, రోజుకోసారి మార్చబుద్ధవుతుంది. మార్చు. ట్యాంకులో నీళ్లు పోశాక మోచేతుల దాకా ముంచి మార్చడం కంటే ఇది నయం. పెద్ద రాళ్లు ఉలితో, సుత్తితో పగలగొట్టుకోవచ్చు, కళ్లకి రక్షణ అద్దాలు మాత్రం పెట్టుకో. ఒకే సైజు రాళ్లతో ఏం చేసినా కంకర కుప్పలాగే ఉంటుంది.

నన్నడిగితే రెండు లంకలు చాలు. ఎడమవైపు పెద్దది, కుడివైపు చిన్నది, మధ్యలో ఎనిమిది పది అంగుళాల పాయ. ఇక వీటికి దూరంగా ఇసక మీద ఒంటరిగా ఒక చిన్న రాయి. ఆ ఒంటరి రాయి ఎందుకంటే, నువ్వు ముచ్చటపడ్డ గ్రీన్ స్టార్ పాలిప్స్ కోసం. అది మన చెరువుల్లో గుర్రపుడెక్క లాంటిది, పెద్ద రాతి మీద పెట్టావో ఇక అంతా దానిదే, గీకినా పోదు. జీనియా కూడా అదే బాపతు. టార్చ్, హ్యామర్ కోరల్స్‌కి వేరే గొడవ, రాత్రిపూట పొడుగాటి తీగలు చాచి పక్కనున్న వాటిని కుడతాయి. వాటి చుట్టూ కనీసం ఆరు అంగుళాలు ఖాళీ ఉండాలి. కాబట్టి పేర్చేటప్పుడే, ఇది టార్చ్ కూర్చునే చోటు, ఇది బొత్తాల్లా గుంపుగా పెరిగే జోవాంతిడ్స్ చోటు అని మనసులో వేసుకో.

అడుగు రాళ్లని పొయ్యికి మూడు రాళ్లు పెట్టినట్టు మూడు చోట్ల ఆనేట్టు పెట్టు, చదునుగా నేలకి కరుచుకునేట్టు కాదు. కింద నుంచి కూడా నీళ్లు పోవాలి. ఒంటి చేత్తో తోస్తే ఊగకూడదు. ఇక్కడ జాగ్రత్త, రాళ్లు ముందు, ఇసక తర్వాత. రాళ్లు నేరుగా అడుగు అద్దం మీద కూర్చోవాలి. నేను రెండో ట్యాంకులో ఇసక పోసి దాని మీద రాళ్లు పెట్టాను. తర్వాత ఒక గోబీ చేపని, దానికి జంటగా పిస్టల్ రొయ్యని తెచ్చాను. ఆ రొయ్యకి రాత్రీ పగలూ తవ్వడమే పని. నాలుగు వారాల్లో పునాది లాగేసింది, ఒక రాత్రి కమాను కూలి, అద్దం గీరుకుపోయి, కింద ఉన్న టార్చ్ కోరల్ నుజ్జయింది. రొయ్య మాత్రం క్షేమం.

అతకడానికి జెల్ రకం సూపర్ గ్లూ, రెండు పాళ్లు కలిపి పిసికే ఎపాక్సీ ముద్ద, రెండూ కావాలి. ఏ ఒక్కటీ ఆగదు. గ్లూ, దాని మీద ముద్ద, మళ్లీ గ్లూ, ఆ తర్వాత రాయి. రాళ్లు పొడిగా ఉన్నప్పుడే ఈ పని చేసుకో. కమాను లాంటిది కావాలంటే చిల్లు వేసి యాక్రిలిక్ కడ్డీ దూర్చు. అన్నీ అతికించకు, ఒక్కో లంకని రెండు మూడు ముక్కలుగా చెయ్యి, లేకపోతే ఎప్పుడైనా చేపని పట్టాలన్నా, శుభ్రం చెయ్యాలన్నా మొత్తం పీకాల్సి వస్తుంది.

ఎవరో వాడిన రాళ్లు చవగ్గా ఇస్తామన్నారని రాశావు. తీసుకుంటే తీసుకో, కానీ శుభ్రం చేద్దామని వాటిని పొరపాటున కూడా నీళ్లలో ఉడకబెట్టకు. పాలితోవా అనే జాతి వాటికి పట్టి ఉంటే అందులో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది, ఆవిరితో కలిసి ఇల్లంతా పాకుతుంది. అలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. చంటిపిల్ల ఉన్న ఇల్లు నీది. చేతులకి గ్లవుజులు కూడా మర్చిపోకు.

ఇంకో మాట. మీ నాన్న షోకేసులో పాతకాలం కోరల్ ముక్కలున్నాయి కదా, ఈసారి వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడట. వద్దని గట్టిగా చెప్పు. మన దగ్గర గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులితో సమానం. ఎయిర్‌పోర్టులో అన్నయ్య పడే అవస్థ ఊహించుకోలేను.

ఇక ఫ్లో, అంటే నీళ్ల వడి. సంపు నుంచి నీళ్లు పైకి తోసే పంపుని ఈ లెక్కలో వేసుకోకు, దాని పని వేరు. ట్యాంకు లోపల నీళ్లు తిప్పే వేవ్‌మేకర్ల సంగతి చెప్తున్నా. మెత్తటి కోరల్స్‌కి గంటకి ట్యాంకు నీళ్లు పది ఇరవై రెట్లు తిరిగితే చాలు, అంటే నీకు 1500 గ్యాలన్ల దాకా. నువ్వు తర్వాత ఎప్పుడో పెడతానంటున్న అక్రోపోరా అనే గట్టి కోరల్‌కి 40 రెట్లు, అంటే 3000 పైన కావాలి. కాబట్టి గంటకి 2000 గ్యాలన్ల చొప్పున తోసేవి, వేగం తగ్గించుకోగలిగేవి రెండు కొను, ఇప్పుడు సగం కంటే తక్కువ వేగంలో నడుపు. ఒక్కటే పెద్దది కొనకు. అది ఆగిపోయిన రాత్రి నీకు రెండోది లేకపోతే తెలుస్తుంది.

కోరల్‌కి నీళ్లు ఎందుకు కదలాలంటే, దాని ఒంటికి ఒక పల్చటి నిశ్చలమైన నీటి పొర అంటుకుని ఉంటుంది. ఆక్సిజన్ లోపలికి రావాలన్నా, మలినం బయటికి పోవాలన్నా ఆ పొర దాటాలి. తడిబట్ట గాలికి త్వరగా ఆరినట్టే, నీరు వడిగా పోతే ఆ పొర పల్చబడి పని సులువవుతుంది. అలాగని ఒకే వైపు నుంచి పైపు పెట్టి కొట్టినట్టు కొడితే కండ ఊడి అస్థిపంజరం బయటపడుతుంది. దిక్కు మారుతుండాలి. రెండు పంపులూ ఎదురెదురు చివర్లలో, పై మూడో వంతులో పెట్టు. ఎడమది ముందు అద్దం వైపు, కాస్త పైకి తిప్పి ఉంచు, నీటి మీద ముడతలు పడాలి, బుడగలు మాత్రం రాకూడదు. కుడిది లంకల వెనక నుంచి ఊడ్చేట్టు పెట్టు, నేను చేయని పని అదే. ఒకటి పెరిగేటప్పుడు ఇంకోటి తగ్గేట్టు కంట్రోలర్‌లో పెట్టుకో.

టార్చ్ చేతులు పూతకొచ్చిన వరిచేనులా ఊగాలి. అన్నీ ఒకే వైపు వంగిపోయి ఉంటే ఎక్కువైనట్టు. ఎర్రజిగురు కనిపించిందంటే అక్కడికి వడి చేరడం లేదు. ఇసకలో గుంట పడి అడుగు అద్దం కనిపిస్తే పంపు మరీ కిందకి చూస్తోంది. పిండిలాంటి సన్న ఇసక కొనకు, ఒకటి రెండు మిల్లీమీటర్ల గింజ ఉన్నది తీసుకో, లేదంటే ట్యాంకులో దుమ్ము తుఫానే. పువ్వులా కనిపించే యానెమొనీ అనే జీవిని తెస్తే మాత్రం పంపుకి జాలీ కట్టు, అది ఊరికే ఉండదు, నడుచుకుంటూ వెళ్లి ఫ్యాన్‌లో పడుతుంది.

కరెంటు సంగతి ఎందుకు చెప్తున్నానంటే, 2021 ఫిబ్రవరి మంచులో టెక్సస్‌లో చాలా చోట్ల కరెంటు పోయినప్పుడు నాకు బ్యాటరీతో నడిచే 2 గాలి పంపులే దిక్కయ్యాయి. చలికి దుప్పట్లు ట్యాంకుకి చుట్టి, మేం స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నాం, మీ పిన్ని ఇప్పటికీ ఆ మాట దెప్పుతుంది. నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ అందక ముందు చేపలు పోతాయి. అలాంటి పంపులు రెండు కొని పక్కన పెట్టు. ఇంకోటి, నీళ్లు నింపిన మొదటి రోజే సంపు పంపుని కావాలని ఆపి చూడు. పైనుంచి నీళ్లు వెనక్కి జారి సంపు పొంగుతుందేమో అప్పుడే తేలాలి, నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు కాదు. పొంగితే, తిరిగొచ్చే పైపుకి నీటి మట్టం కిందే చిన్న చిల్లు పెడితే గాలి పీల్చుకుని ఆగుతుంది. ఆ చిల్లు నెలకోసారి పుల్లతో పొడుస్తుండు.

సైక్లింగ్‌కి, అంటే నీళ్లలో మలినాన్ని తినే బ్యాక్టీరియా స్థిరపడడానికి, నెల పైన పట్టొచ్చు, ఆ లోపు చేపలు, కోరల్స్ ఏమీ కొనకు. నీ చేతిని నేనాపలేనని తెలుసు, అయినా చెప్తున్నా.

అట్ట మీద పేర్చాక నాకు వీడియో పంపు. ఎదుటి నుంచి తీస్తే అన్నీ అందంగానే కనిపిస్తాయి, కాబట్టి రెండు పక్కల నుంచి, ఒకటి పైనుంచి తియ్యి. నీళ్లు పోసి పంపులు పెట్టాక ఒక చిటికెడు పొడి తిండి వేసి అరగంట చూడు, ఎక్కడెక్కడ ఆగిందో కాగితం మీద గీసి అది కూడా పంపు. శనివారం ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్యి.

మీ బాబాయ్